సూది పట్టుకున్న మనిషి ముందు కూర్చునేటప్పుడు

నాన్నా,

అమ్మమ్మ సంతకం చేతి మీద టాటూగా వేయించుకుంటానన్నావని మీ అమ్మ చెప్పింది. నాకెంత సంతోషమైందో! హైదరాబాద్ వచ్చేదాకా ఆగమంటే ఆగేలా లేవు, విశాఖలోనే షాపు కూడా చూసుకున్నావట. సరే, వేయించుకో. ఈ పని మీదే బతుకుతున్నదాన్ని కాబట్టి, అక్కడ ఎలా మెలగాలో నాలుగు మాటలు చెబుతాను. ఆర్టిస్టు చెయ్యి స్థిమితంగా ఉండాలంటే ఆయన మనసు స్థిమితంగా ఉండాలి. అందులో సగం భారం నీదే. ఆ చెయ్యి వణికితే వంకర గీత మిగిలేది నీ ఒంటి మీద.

ముందు డిజైన్ సంగతి. పెన్షన్ పాసుపుస్తకంలో ఉన్న సంతకాన్ని పగటి వెలుతురులో, పుస్తకం సమంగా పరిచి, సరిగ్గా పైనుంచి ఫోటో తియ్యి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే గీతలు అలుక్కుపోతాయి, డాక్యుమెంటుగా పంపు. ఏ చెయ్యి, ఎక్కడ, ఎన్ని అంగుళాలు అనేది మొదటి మెసేజ్‌లోనే రాసెయ్యి. ‘రేటెంత?’ అని ఒక్క ముక్క పడేసి ఊరుకునేవాళ్ళకి ఏం జవాబివ్వాలో మాకు తోచదు.

నువ్వు చిన్నగా కావాలంటావు, ఆయన ఇంకొంచెం పెద్దగా వేద్దామంటాడు. వాదించకు. అనకపోతేనే అనుమానించాలి. అమ్మమ్మ సంతకంలో ‘ధ’ ఉంది కదా, కింద ఉన్న ఆ బుల్లి గీత తప్ప దానికీ ‘ద’కీ తేడా లేదు. రంగు చర్మం పై పొర దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున కింది పొరలో కూర్చుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అక్కడే కొద్దికొద్దిగా పాకుతుంది. ఇవాళ వెంట్రుకవాసి ఖాళీ వదిలితే కొన్నేళ్ళకి అది పూడిపోతుంది. అమ్మమ్మ ముంజేతి మీది పచ్చబొట్టు గుర్తుందా? పెళ్ళికి ముందు జాతరలో ఎరుకలామె పొడిచిందట. నేను చూసేనాటికే చుక్కలన్నీ కలిసిపోయి, ఏ ముగ్గో పోల్చుకోలేకుండా ఉండేది. మన అక్షరాలకి గుండ్రాలు, లోపల చుక్కలు, కింద వొత్తులు. ఇంగ్లీషు పేరు సరిపోయిన చోట తెలుగు పేరు పట్టదు.

డిజైన్‌ని ముందుగా చర్మం మీద అచ్చు దింపే కాగితం, అంటే స్టెన్సిల్, అతికించాక మాత్రం మొహమాటపడకు. ఆర్టిస్టు ఏ ఊరివాడైనా కావచ్చు, తెలుగు చదవడం రాకపోతే ఆయనకి అది వట్టి బొమ్మ. అద్దంలో చూస్తే అక్షరాలు తిరగబడతాయి కాబట్టి చెయ్యి చాపి నేరుగా చూడు. పాసుపుస్తకం పక్కన పెట్టుకుని గుణింతాలు, వొత్తులు ఒక్కొక్కటే సరిచూసుకో. పైకి జరపమనో, వాలు మార్చమనో రెండు మూడుసార్లు అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు, తుడిచేసి మళ్ళీ అతికిస్తారు. అడగాల్సిందంతా సూది దిగకముందే అడుగు. పని సగంలో ఉండగా ‘అక్కడ ఇంకో చిన్న పువ్వు వేస్తే బాగుంటుందేమో’ అని మొదలుపెట్టేవాళ్ళని చూస్తే నాకు నిజంగా దిగులేస్తుంది.

డబ్బు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చిన్నవాటికి ఇంత అని కనీస రేటు ఉంటుంది, పెద్దవాటికి అంగుళాల లెక్కనో, కూర్చున్న సమయాన్ని బట్టో తీసుకుంటారు. కుదిరితే ఒప్పుకో, కుదరకపోతే దణ్ణం పెట్టి వచ్చెయ్యి. పక్క షాపువాడు సగానికే వేస్తానన్నాడని మాత్రం అనకు. అడ్వాన్స్ కట్టాక రాలేకపోతే ముందురోజే చెప్పు. ఆ గంటలు నీ కోసం ఆపి, ఇంకొకరిని వద్దని ఉంటాడు.

సూది గురించి అడగడం అమర్యాద అనుకునేవాళ్ళు చాలామంది. అస్సలు కాదు. ‘అన్నా, కొత్త సూది నా ముందే విప్పుతారా?’ అని నెమ్మదిగా అడుగు. మంచి ఆర్టిస్టు నువ్వడక్కుండానే ప్యాకెట్ మీద తేదీ చూపించి, నీ కళ్ళ ముందే చింపుతాడు. రంగు చిన్న మూతల్లోకి వంపుకుని, మిగిలింది పారేస్తాడు. మళ్ళీ సీసాలో పొయ్యడు. గ్లవ్స్‌తో ఫోన్ ముట్టుకుంటే అవి తీసేసి కొత్తవి వేసుకుంటాడు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి వాడిన సూది ద్వారా కూడా పాకుతాయి, ఇందులో మొహమాటానికి చోటు లేదు. అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే, అడ్వాన్స్ పోయినా సరే, లేచి బయటికి వచ్చెయ్యి నాన్నా.

ఆయన నిన్ను అడిగినవాటికి నువ్వూ అంతే నిజం చెప్పాలి. షుగర్, మూర్ఛ, చర్మజబ్బులు, రక్తం పలచబరిచే మాత్రలు, గాయం మానాక మచ్చ ఉబ్బెత్తుగా లేవడం, ఏదున్నా దాచకు. చర్మాన్ని మొద్దుబార్చే క్రీమ్ రాసుకుని వెళ్ళాలనుంటే ముందే అడిగి రాసుకో. చెప్పకుండా రాసుకొస్తే చర్మం ఎందుకలా ఉందో ఆయనకి అర్థం కాదు. ముందురోజు రాత్రి మద్యం ముట్టకు, రక్తం ఎక్కువ కారి రంగు నిలవదు. పొద్దున్నే స్నానం చేసి, కడుపునిండా టిఫిన్ తిని వెళ్ళు. ఖాళీ కడుపుతో వస్తే నీలాంటి బలమైన కుర్రాళ్ళకైనా కుర్చీలో కళ్ళు తిరగొచ్చు. వదులుగా ఉండే, పాడైనా బాధలేని పొట్టి చేతుల చొక్కా వేసుకో. నువ్వు రక్తదానం చేస్తుంటావు కదా, టాటూ తర్వాత ఏడాదిపాటు తీసుకోరు. వేయించుకోకముందే ఒకసారి ఇచ్చేసి వెళ్ళు.

తోడుగా ఒక్కణ్ణి తీసుకెళ్ళు, చాలు. నలుగురు చేరితే ఒకడు నవ్విస్తాడు, నీ చెయ్యి కదులుతుంది. వాళ్ళలో ఆర్మీకి ప్రిపేరయ్యేవాడు ‘నాకూ మెడ మీద ఒకటి’ అంటే ఆపు. ఆర్మీలో మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనక తప్ప టాటూ ఒప్పుకోరు. ఆర్టిస్టు వద్దన్నా బతిమాలి వేయించుకునే పిల్లల్ని చూస్తున్నాను, నా కడుపు తరుక్కుపోతుంది.

కుర్చీలో కూర్చున్నాక తుమ్ము వచ్చినా, దగ్గు వచ్చినా, కాళ్ళు చాపుకోవాలన్నా ముందు నోటితో చెప్పు, ఆయన సూది ఎత్తాక కదులు. ఎంతవరకు వచ్చిందోనని తల వంచి చూడకు, వెలుతురు ఆగిపోతుంది. సామాను పెట్టిన ట్రే వైపు చెయ్యి పోనివ్వకు. ఒకసారి నీ వేలు తగిలితే అక్కడున్నదంతా మార్చాలి. నొప్పి ఎక్కువైతే చెప్పడానికి సిగ్గెందుకు? రెండు నిమిషాలు ఆగుదామంటే ఏ ఆర్టిస్టూ కాదనడు. వీడియో తీసుకోవాలంటే అడిగి తియ్యి.

ఇంటికొచ్చాక మీ అమ్మ పసుపు తెస్తుంది, కొబ్బరినూనె తెస్తుంది. పిన్ని వద్దందని చెప్పు. షాపులో చెప్పిందే చెయ్యి, యూట్యూబ్‌లో చూసింది కలపకు. పొట్టు లేస్తుంది, దురద పెడుతుంది, గోకకు. కనీసం రెండు మూడు వారాలు, పూర్తిగా మానేదాకా బీచ్‌కి వెళ్ళినా ఒడ్డునే కూర్చో, సముద్రంలో దిగకు. ఎర్రదనం పాకుతూ చీము పడితేనో, జ్వరం వస్తేనో డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఆ తర్వాత షాపుకి కూడా చెప్పు. ఆర్టిస్టుకీ తెలియాలి కదా.

మానాక తీసిన ఫోటో ఆయనకి తప్పకుండా పంపు. మొదటిరోజు ఫోటోలు మా దగ్గర బోలెడు ఉంటాయి, మానిన చర్మం ఎలా ఉందో మాకు చూపించేవాళ్ళే తక్కువ. ‘ధ’ కింద గీత పలచబడినా, ఎక్కడైనా రంగు పట్టకపోయినా ఆ ఫోటోలోనే చూపించి టచప్‌కి ఎప్పుడు రమ్మంటారో అడుగు. చాలా షాపుల్లో మొదటిసారి ఉచితంగానే సరిచేస్తారు. రివ్యూ ఏదైనా రాయాలంటే అది కూడా అయ్యాక రాయి.

ప్రేమతో,
పిన్ని