500 డాలర్లలో గ్యాస్ గ్రిల్: బర్నర్లు కాదు, పెట్టె చూడండి

మీరు అడిగింది ఇదీ: డాలస్ శివార్లలో సొంత ఇల్లు, ఇంట్లో నలుగురు, నెలకు రెండుసార్లు పది పన్నెండు మంది భోజనానికి వస్తారు, వాళ్లలో సగం మంది శాకాహారులు, వాళ్లకి వేరుగా కాల్చాలి. బడ్జెట్ 500 డాలర్లు. ఆ డబ్బుకి ఒకచోట ఆరు బర్నర్ల పెద్ద గ్రిల్ వస్తోంది, పేరున్న కంపెనీది అయితే మూడు బర్నర్లే వస్తున్నాయి. ఏది కొనాలి?

మూడు బర్నర్లదే కొనండి. కంపెనీ పేరు కోసం కాదు. గ్రిల్ ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేది బర్నర్ల సంఖ్య కాదు, వాటిని మోసే పెట్టె, వాటి లోహం, పదేళ్ల తర్వాత కూడా దొరికే విడిభాగాలు.

ముందు బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) సంగతి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 60,000 అనే అంకె గ్రిల్ గంటకి ఎంత గ్యాస్ మింగుతుందో చెబుతుంది. ముక్కకి ఎంత వేడి తగులుతుందో చెప్పదు. దాన్ని వంట జాగాతో భాగిస్తేనే కొంచెం అర్థం వస్తుంది. ఉదాహరణకి వెబర్ కంపెనీ మూడు బర్నర్ల మోడల్ స్పిరిట్ 2 ఇ-310 సంగతి చూద్దాం. మూడు బర్నర్లూ కలిపి 30,000 బీటీయూ. మొత్తం జాగా 529 చదరపు అంగుళాలు అంటారు గానీ అందులో పైనుండే వార్మింగ్ ర్యాక్ (వండినవి వెచ్చగా ఉంచే అర) కూడా కలిసే ఉంది. అసలు కమ్మీల జాగా 424. భాగిస్తే చదరపు అంగుళానికి 70 పైచిలుకు బీటీయూ. మూత బిగుతుగా కూర్చుని, పెట్టె మందంగా ఉంటే అది చక్కగా సరిపోతుంది. పల్చటి రేకుతో చేసి, మూత వెనక చెయ్యి దూరేంత సందు వదిలిన గ్రిల్‌కి అంగుళానికి 100 ఉన్నా, ఆ వేడిలో చాలా భాగం వెనకనుంచి పోతుంది.

పైగా గ్యాస్ ఖర్చు. పౌను ప్రొపేన్‌లో (సిలిండర్లో వచ్చే గ్యాస్ ఇదే) సుమారు 21,500 బీటీయూ ఉంటుంది. దుకాణం బయట పంజరంలో పెట్టి మార్చి ఇచ్చే సిలిండర్లలో చాలావరకు 15 పౌన్లే నింపుతారు. అంటే అన్ని బర్నర్లూ పూర్తిగా తెరిస్తే 30,000 గ్రిల్ పదిన్నర గంటల పైన మండుతుంది, 60,000 గ్రిల్ ఐదున్నర గంటలు కూడా రాదు. మార్చుకోవడం కంటే నింపించుకోవడం మంచిది: అదే సిలిండర్లో 20 పౌన్లు పడతాయి. సిలిండర్ కాలర్ మీద టీడబ్ల్యూ అనే అక్షరాల పక్కన ఖాళీ బరువు చెక్కి ఉంటుంది, సాధారణంగా 17 పౌన్ల చుట్టుపక్కల. బాత్రూమ్ తూకం మీద పెట్టి ఆ అంకె తీసేస్తే మిగిలింది గ్యాస్. చుట్టాలు వచ్చే రోజు పొద్దున్నే ఈ పని చేసుకోండి.

షాపుకి వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. మూత ఎత్తి కమ్మీలు, వాటి కింద గుడారంలా వంచిన రేకులు తీసి చూడండి. బర్నర్ గొట్టాలకి అయస్కాంతం గట్టిగా అంటుకుంటే అది చవక రకం స్టీలు, ఉప్పు కలిసిన కొవ్వు పడి త్వరగా తుప్పు పడుతుంది. తుప్పుకి బాగా తట్టుకునే 304 రకం స్టీలుకి అంటుకోదు. కానీ 201 అనే చవక రకానికీ సరిగ్గా అంటుకోదు కాబట్టి, అంటుకోకపోవడం ఒక్కటే రుజువు కాదు, వివరాల కాగితంలో 304 అని రాసి ఉండాలి. తలుపులకీ మూతకీ ఏ స్టీలు వాడినా పెద్ద తేడా లేదు. మెరుపంతా అక్కడే పెట్టి, లోపల ఆదా చేసిన గ్రిల్ కనిపిస్తే వదిలేయండి.

బర్నర్లు కూర్చునే పెట్టె, అంటే ఫైర్‌బాక్స్, పోత అల్యూమినియంది అయితే తుప్పు అనే మాటే లేదు. రేకుది అయితే ఎనామెల్ ఎక్కడ పెచ్చు ఊడితే అక్కడ తుప్పు మొదలవుతుంది, అడుగు చిల్లు పడ్డాక బాగుచేయడానికి ఏమీ ఉండదు. బర్నర్లు, రేకులు, ఇగ్నైటర్ మార్చుకోవచ్చు. ఫైర్‌బాక్స్ పోతే గ్రిల్ పోయినట్టే. అందుకే కొనేముందు ఆ మోడల్ నంబరుకి బర్నర్లు, రేకులు విడిగా అమ్ముతున్నారో లేదో వెతకండి. ఒక్క సీజన్ కోసం దుకాణం తన పేరుతో తెప్పించే మోడళ్లకి ఇవి దొరకడం కష్టం. చివరగా ఒక మూల పట్టుకుని బండిని ఊపండి. ఊగులాడితే చక్రాల దగ్గర స్క్రూలు ఎక్కువ కాలం నిలవవు.

కమ్మీల విషయంలో మన వంటకి ఎనామెల్ పూసిన పోత ఇనుము బాగుంటుంది, వేడి పట్టి ఉంచుతుంది. పెరుగు పట్టించిన చికెన్ అంటుకోవడానికి కారణం కమ్మీలు వేడెక్కకపోవడం, మసాలాలో నీళ్లు ఎక్కువ కావడం. పెరుగు గుడ్డలో వడకట్టాలి, ఖాళీ గ్రిల్‌ని మూత వేసి పది పదిహేను నిమిషాలు కాచాలి, వేసేముందు ముక్కకి నూనె రాయాలి. మూడు బర్నర్ల ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది. రెండు వెలిగించి ఒకటి ఆపేసి, లెగ్ పీసులు ఆపిన వైపు పెట్టి మూత వేస్తే పాతిక ముప్పై నిమిషాల్లో లోపల ఉడుకుతుంది, తర్వాత మంట వైపు జరిపి రెండేసి నిమిషాలు తిప్పితే మచ్చలు పడతాయి. లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే తినడానికి భయం లేదు, లెగ్ పీసు 175 దాటితే ఎముక దగ్గర రబ్బరులా ఉండదు. మూత మీది థర్మామీటర్ మూత దగ్గర వేడిని చూపిస్తుంది, ముక్క దగ్గరది కాదు. గుచ్చి చూసే చిన్నది కొనుక్కోండి.

శాకాహారులకి వేరుగా అన్నారు కదా. కమ్మీలు రెండు ముక్కలుగా వచ్చే మోడల్ తీసుకుని, ఒక ముక్క అదనంగా కొని పనీర్‌కీ, మొక్కజొన్న కండెలకీ, పచ్చడి వంకాయలకీ మాత్రమే ఉంచండి. కొవ్వు కమ్మీలకే కాదు, కింది రేకులకీ అంటుకుంటుంది కాబట్టి పట్టింపు గట్టిగా ఉన్నవాళ్లకి ముందు వాళ్లది కాల్చి, తర్వాతే మాంసం పెట్టడం మర్యాద.

సైడ్ బర్నర్ (గ్రిల్ పక్క బల్లలో ఉండే చిన్న పొయ్యి) గురించి మనవాళ్లు ఎక్కువ ఆశపడతారు, చేపల వేపుడు వాసన ఇంట్లోకి రాకుండా బయట చేసుకోవచ్చని. ఆ పనికి, గాలి లేని రోజున, బాగానే పనికొస్తుంది. కానీ చాలా వాటికి 10,000 నుంచి 12,000 బీటీయూ మాత్రమే ఉంటుంది, కొంచెం గాలి వీస్తే మంట పక్కకి పోతుంది, పన్నెండు మందికి సరిపడే బిర్యానీ దేక్సా బరువుకి ఆ పక్క బల్ల కట్టింది కాదు. బిర్యానీ కావాలంటే నేల మీద నిలబడే ప్రొపేన్ పొయ్యి వేరే కొనండి. దాని హై ప్రెషర్ రెగ్యులేటర్ గ్రిల్‌కి మాత్రం ఎప్పుడూ తగిలించకండి.

వెనక వరండాలో బిల్డర్ సహజవాయువు లైను వదిలి ఉంటే సహజవాయువు మోడలే కొనండి, సిలిండర్ గొడవ ఉండదు. ప్రొపేన్ గ్రిల్ కొని తర్వాత మార్చుకుందాం అనుకోవద్దు. ఘనపుటడుగు ప్రొపేన్‌లో సుమారు 2,500 బీటీయూ, సహజవాయువులో సుమారు 1,000. గ్యాస్ వచ్చే రంధ్రాల కొలతే వేరు. చాలా కంపెనీలు అలా మార్చడాన్ని ఒప్పుకోవు.

కొత్త గ్రిల్ బాగోలేదని వెనక్కి ఇచ్చేసేవాళ్లలో చాలామందికి వచ్చేది ఒకటే సమస్య: మంట సన్నగా ఉంటుంది, వేడి 300 డిగ్రీలు దాటదు. గ్రిల్ చెడిపోలేదు. సిలిండర్‌కి బిగించే పెద్ద ప్లాస్టిక్ నట్టులోనే, గొట్టం తెగితే గ్యాస్ ఉరకకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. ముందు నాబ్ తెరిచి ఉంచి తర్వాత సిలిండర్ వాల్వ్ తిప్పినా, వాల్వ్ ఒక్కసారిగా తిప్పినా అది లీకు అనుకుని ప్రవాహాన్ని తగ్గించేస్తుంది. విరుగుడు: నాబ్‌లు, వాల్వ్ అన్నీ ఆపి, నట్టు విప్పి, మూత ఎత్తి నాబ్‌లు ఒక నిమిషం తెరిచి, మళ్లీ ఆపండి. రెండు మూడు నిమిషాలాగి నట్టు బిగించి, వాల్వ్ మెల్లగా తిప్పండి. వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉండాలి. ఆపేటప్పుడు ముందు నాబ్‌లు, తర్వాత సిలిండర్. ఈ వరస తప్పితే మళ్లీ అదే తంతు. ఇలా చేసినా మంట పెరగకపోతే ముందు సబ్బునీళ్ల పరీక్ష చేయండి, నిజంగానే లీకు ఉండొచ్చు. సిలిండర్ మార్చిన ప్రతిసారీ నట్టుకీ గొట్టానికీ సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడటం ఎలాగూ తప్పదు.

ఇంకోటి, మంట నీలంగా కాకుండా పసుపుపచ్చగా, బద్ధకంగా ఊగితే బర్నర్ గొట్టం మూతిలో సాలీడు గూడు కట్టి ఉంటుంది. నెలల తరబడి వాడకపోతే ఇది మామూలే. గాలి అందక మంట వెనక్కి వచ్చి నాబ్‌ల దగ్గర అంటుకోవచ్చు కూడా. గొట్టం తీసి సన్నటి బ్రష్ దూర్చాలి. కమ్మీలకి మాత్రం తీగల బ్రష్ వద్దు, ఊడిన తీగ ముక్క తిండిలో పడితే గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. చెక్క గీకుడుబద్ద చాలు. కింది కొవ్వు ట్రే ప్రతి రెండు మూడు వంటలకీ ఖాళీ చేయండి. కొవ్వు అంటుకుంటే నీళ్లు పోయకూడదు, నాబ్‌లు ఆపి మూత వేయాలి, అందితే సిలిండర్ కూడా ఆపాలి.

గ్రిల్‌ని గోడకీ, కంచెకీ, వరండా కప్పుకీ పది అడుగుల దూరంలో పెట్టుకోండి. చలి అనో, వాన అనో గ్యారేజీలోకి తోసి, తలుపు సగం తెరిచి వండేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, గ్యారేజీనుంచి ఇంట్లోకి తలుపు ఉంటుంది, లోపల పిల్లలు ఉంటారు. సిలిండర్‌ని కూడా గ్యారేజీలో దాచకూడదు, బయటే నిలబెట్టి ఉంచాలి.

తొందర లేకపోతే సెప్టెంబరు దాకా ఆగండి, సీజను అయిపోయాక షాపులు ధర తగ్గిస్తాయి. ఇంకా తక్కువలో కావాలంటే వాడినది చూడండి. ఇల్లు మారేవాళ్లు మంచి గ్రిల్లే సగం ధరకి ఇచ్చేస్తుంటారు. బర్నర్లు, రేకులు పోయినవైనా పర్వాలేదు, వాటి ధర బేరంలో తగ్గించమని అడగండి. అడుగు ట్రే లాగి టార్చి వేసి ఫైర్‌బాక్స్‌లో పగులుగానీ చిల్లుగానీ ఉందేమో చూడండి, గొట్టం వంచి రబ్బరు పగిలిందేమో చూడండి. గొట్టం, రెగ్యులేటర్ ఎలాగూ కొత్తవే వేయించండి. ఫైర్‌బాక్స్‌లో చిల్లు కనిపిస్తే ఊరికే ఇస్తామన్నా తీసుకోవద్దు.