కన్యాశుల్కం చదువుతున్న మనవరాలికి

చి. సుధకి తాతయ్య ఆశీస్సులు.

గురజాడ నాటకం కన్యాశుల్కం మీద పరీక్ష తల్చుకుంటే టెన్షన్‌గా ఉందనీ, అందులో నాటకీయ వ్యంగ్యం ఎక్కడుందో పట్టుకోలేకపోతున్నాననీ రాశావు. నీ వయసులో నేను మార్జిన్ల నిండా ఎర్రసిరాతో శ్లేష, వ్యంగ్యం, స్వగతం అని రాసుకున్నాను. మార్కులొచ్చాయి. నాటకం మాత్రం ఒక్కసారీ నవ్వించలేదు.

ఆ శ్లేష, వ్యంగ్యం లాంటి పేర్ల సంగతి తర్వాత చూద్దువుగాని. ఏ రంగం చదివినా ఒక్కటే అడుగు: అసలు సంగతి ఇక్కడ ఎవరికి తెలుసు, ఎవరికి తెలీదు? మనకి తెలిసింది పాత్రకి తెలియకపోవడమే నువ్వు వెతుకుతున్న నాటకీయ వ్యంగ్యం.

మొదటి రంగమే తీసుకో. విజయనగరంలో బొంకులదిబ్బ. అది ఊళ్లో నిజంగా ఉన్న చోటే. కానీ బొంకంటే అబద్ధం కదా, మాటలతో బతికే గిరీశాన్ని నిలబెట్టడానికి అంతకన్నా మంచి జాగా ఏముంది! సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర పట్టుకెళ్లిన ఇరవై రూపాయలు తగలేశానని వాడే మనతో చెప్పేస్తాడు. అంతలో వాడి శిష్యుడు వెంకటేశం వస్తాడు. మీ వల్ల నాకు అబ్బింది చుట్ట కాల్చడమేనని ఆ పిల్లాడు దెప్పితే, తనతో మాట్లాడటమే ఓ ఎడ్యుకేషన్ అంటాడు గురువుగారు. ఆ స్వగతాన్ని వేలితో మూసేసి మిగతాది చదివి చూడు. నవ్వు సగం చచ్చిపోతుంది. వాడి గుట్టు మన చేతిలో పెట్టడమే ఆ స్వగతం చేసే పని.

కరటకశాస్త్రి ఆడపిల్ల వేషం వేయించిన తన శిష్యుణ్ణి ముసలి లుబ్ధావధాన్లు పెళ్లాడటం కూడా ఈ కోవలోదే, కాకపోతే తేలిక. లుబ్ధుడంటే పిసినారి, కరటకుడు పంచతంత్రంలో నక్క. ఇవి ఒక్క వాక్యంలో రాసి వదిలెయ్.

వెంకటేశం అక్క, వితంతువు బుచ్చమ్మ దగ్గర మాత్రం తొందరపడకు. గిరీశం ఆ పిల్లకి వితంతు వివాహం గురించి చెప్పే మాటల్లో తప్పేం లేదు. చెప్పేవాడి బుద్ధి ఏమిటో మనకి తెలుసు, ఆమెకి తెలీదు. మంచి వాదనని దొంగ నోట పెట్టాడు గురజాడ. ఇన్నేళ్లు పాఠం చెప్పాక కూడా అక్కడ నవ్వాలో, భయపడాలో నాకు తేలదు. నీకేమనిపిస్తే అదే రాయి.

వీలైతే లైబ్రరీలో 1897 నాటి తొలి కూర్పు అడిగి చూడు. అందులో సాని మధురవాణిది చిన్న పాత్ర. 1909లో నాటకాన్ని బాగా పెంచి తిరగరాసినప్పుడు ఆమె కూడా పెరిగింది. పెద్దమనుషులు సానిదని తీసిపారేసే మనిషికే అందరి గుట్లూ తెలుస్తాయి. నా ప్రశ్న పట్టుకుని రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుంటే నీకే తేడా కనిపిస్తుంది.

ఇంకొకటి, కళ్లతో చదవకు, పైకి చదువు. ఆ ఉత్తరాంధ్ర యాస నోట్లో పడితేగాని రుచి తెలీదు. ఆదివారం ఫోన్ చెయ్. నువ్వు మధురవాణివి. రామప్పంతులు కోతలు నేను కోస్తాను.

తాతయ్య