ఆ రాయి రెండో సగం ఎక్కడుంది, బిడ్డా?

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆసిఫాబాదు వైపు పెళ్ళికి వెళ్ళినప్పుడు, చీలిన సున్నపురాయి ఒక సగం మీద పురుగు రెక్క వంటి అచ్చు నీకు దొరికిందనీ, ఈ ఆదివారం దానిని కడిగి నల్లగొండలో విలేకరులకు చూపించబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నాకు కొంత సంతోషంతోను, ఎక్కువగా భయంతోను నిద్ర పట్టలేదు.

నీళ్ళు పోయవద్దు, బ్రష్షు పెట్టవద్దు, వార్నిషు పూయవద్దు. అటువంటి అచ్చు మీద ఒక్కోసారి మిగిలేది వేలు తగిలితే రాలిపోయే పలచని నల్లటి పొర మాత్రమే.

అది ఏ పురుగో తరువాత చూద్దాం, ముందు ఏ రాయో తేలాలి. ఏడేళ్ళప్పుడు మీ అరుగు మీది షాబాదు బండలో నల్లటి తీగలు చూసి చెట్టు అన్నావు. అది పగుళ్ళలోకి నీటితో దిగిన మాంగనీసు అని నేను చెబితే అలిగి అన్నం తినలేదు. రెక్కల పురుగుల జాడ సుమారు 32 కోట్ల ఏళ్ళ కిందటి నుంచే దొరుకుతుంది. ఆ బండ గానీ, మన వాడపల్లి సున్నపురాయి గానీ అంతకంటే ఎంతో పాతవి. కానీ ప్రాణహిత-గోదావరి లోయలోని కోట సున్నపురాయి ఆ తరువాతి జురాసిక్ కాలపు, అంటే రాక్షసబల్లుల నాటి, మంచినీటి సరస్సులలో పేరుకున్నది, అందులో పురుగుల శిలాజాలు నిజంగానే దొరికాయి. అందుకే నీ మాటను కొట్టివేయలేకపోతున్నాను.

ఇక నా తప్పు విను. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో అదే లోయలో నేనొక పలక మీద ఉలి పెట్టి కొడితే, అది తెరిచిన పుస్తకంలా రెండుగా విడిపోయింది. రెండు పుటల మీదా బొటనవేలి గోరంత రెక్క. సంచి అప్పటికే బరువుగా ఉంది, బస్సు కోసం చాలా దూరం నడవాలి. అందంగా కనబడిన సగాన్ని తీసుకొని, రెండోదాన్ని జొన్నచేను గట్టు మీద పెట్టి వచ్చాను. నోటుబుక్కులో 'గుట్ట పక్కన' అని మాత్రమే రాసుకున్నాను. హైదరాబాదులో మా గురువుగారు టేబులు దీపాన్ని పక్కకు వంచి, ఏటవాలు వెలుగులో దానిని చాలాసేపు తిప్పి చూశారు. రెక్క నరాలలో కొన్ని గట్టులా లేచి, కొన్ని గాడిలా దిగి ఉంటాయని, ఒక సగంలో గట్టుగా ఉన్నది రెండో సగంలో గాడి అవుతుందని, ఆ రెండూ పోల్చితేనే ఏ నరానికి ఏ పేరు పెట్టాలో ధైర్యంగా చెప్పగలమని వివరించి, "రెండోది ఏది?" అని అడిగారు. రెక్క మొదలు విరిగి ఆ రెండో సగానికే అంటుకొని ఉండిపోయింది. నేను తిరిగి వెళ్ళేసరికి వానలు పడి, చేను దున్ని, గట్టు మార్చి వేశారు. రెండు రోజులు వెతికాను. ఆ చేను అమ్మ జొన్నరొట్టె పెట్టి, "ఏం పోగొట్టుకున్నవు కొడుకా?" అని అడిగితే నాకు జవాబు రాలేదు. ఆ ఒంటి సగం ఇప్పటికీ పేరు లేకుండా నా పెట్టెలో ఉంది.

మీ అమ్మ పంపిన ఫోటో చూశాను. ఆ రాళ్ళలో చేప పొలుసులు, ఎస్తేరియా అనే రొయ్య జాతి చిన్న నీటిప్రాణి గుల్లలు కూడా దొరుకుతాయి. వాటి గీతలు అంచును అనుసరించి వలయాలుగా ఉంటాయి. ఆకులోనైతే నడిమి ఈనె చివరికి సన్నబడుతూ పోతుంది. నీ అచ్చులో గీతలు ఒక మూల నుంచి విడిపోయి అంచు దాకా వెళుతున్నట్టున్నాయి, వాటి మధ్య అడ్డగీతలు కూడా కనిపిస్తున్నాయి. మొదలు దగ్గర వంపు తిరిగిన గాడి ఉంటే బొద్దింక ముందురెక్క కావచ్చు. ఇంతకు మించి ఫోటోను నమ్మి చెప్పలేను.

విలేకరులు ఆగుతారు, వానలు ఆగవు. నీ స్నేహితురాలి అన్నను తోడు తీసుకొని, భూమి యజమానిని అడిగి, ఈ వారమే వెళ్ళి రెండో సగం వెతుకు. ఒంటరిగా మాత్రం వెళ్ళవద్దు, నీ కంటే ఆ రాయి నాకు ఎక్కువ కాదు. దొరికితే రెండింటినీ వేరువేరు కాగితాలలో చుట్టి, ఊరు, వాగు, ఏ పొర, ఏ తేదీ అన్నవి పెన్సిలుతో రాసి లోపల పెట్టు. పక్కన స్కేలు ఉంచి, వెలుగు ఏటవాలుగా పడేటట్టు, సరిగ్గా పైనుంచి ఫోటో తియ్యి. ఆ పైన బండ్లగూడలోని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ కార్యాలయానికి ఇద్దరం కలిసి వెళదాం.

శనివారం ఉదయం బస్సుకు నా భూతద్దం తీసుకొని వస్తున్నాను. రెండో సగం దొరికితే మాత్రం అంతవరకు ఆగకు, ఎంత రాత్రయినా ఫోను చెయ్యి.

మీ మామయ్య,
దేవరకొండ