ఇల్లు చూసుకునే కంపెనీకి జీపీఏ ఇవ్వాలా?

ప్రశ్న: హైదరాబాద్ మియాపూర్‌లో నా పేరున ఒక ఫ్లాట్ ఉంది. నేను డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. 2020 నుంచి మా బాబాయే అద్దె వసూలు చేస్తూ ఇల్లు చూసుకుంటున్నారు. కాగితం ఏదీ రాసుకోలేదు. నాన్న పోయాక మమ్మల్ని చదివించింది ఆయనే. 2023లో అద్దెదారుతో మూడేళ్లకు వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంట్ రాసి, యజమాని చోట తనే సంతకం చేశారు. కొన్నాళ్లకు డబ్బు పంపడం మానేశారు. 2024 ఆగస్టులో అడిగితే ‘నన్నే లెక్క అడుగుతావా? ఇవ్వను’ అని వాట్సాప్‌లో పెట్టారు. అమ్మ బాధపడుతుందని ఊరుకున్నాను. ఇప్పుడు ఒక ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ కంపెనీ అద్దెలో 8 శాతానికి అన్నీ చూసుకుంటామంటోంది. అమ్మకంతో సహా అన్ని అధికారాలతో జీపీఏ (నా తరఫున వ్యవహరించే అధికార పత్రం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అడుగుతోంది. అద్దెదారు ‘మీ బాబాయి తప్ప నాకెవరూ తెలీదు’ అంటున్నాడు. కరెంటు తీయించి అతన్ని ఖాళీ చేయిస్తామని కంపెనీ వాళ్లు చెబుతున్నారు. బాబాయిని నొప్పించకుండా కంపెనీకి అప్పగించవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: కంపెనీ సంగతి తర్వాత. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ వాట్సాప్ మెసేజ్. దాన్ని మీరు అవమానంగా చూశారు. చట్టం దాన్ని తేదీగా చూస్తుంది.

కాగితం లేకపోయినా మీ బాబాయి మీ ఏజెంటే. మీరు అడిగితే లెక్క చెప్పాల్సిన బాధ్యత ఏజెంటుకు ఉందని కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ చెబుతోంది. ఆయన చెప్పకపోతే మీరు లెక్కల దావా వేయవచ్చు. దానికి లిమిటేషన్ చట్టం షెడ్యూలు 3వ ఆర్టికల్ ప్రకారం గడువు మూడేళ్లు. ఏజెన్సీ నడుస్తుండగా మీరు లెక్క అడిగి, ఆయన నిరాకరిస్తే ఆ రోజు నుంచే మూడేళ్లు మొదలవుతాయి. మీరు అడగకుండానే ఉండి ఉంటే ఏజెన్సీ ముగిసిన రోజు నుంచి లెక్కించేవాళ్లం. మీరు అడిగారు, ఆయన ‘ఇవ్వను’ అన్నారు. కాబట్టి 2027 ఆగస్టులో ఆ తేదీ దాటితే 2020 నుంచి రావాల్సిన డబ్బంతటికీ కాలదోషం పట్టిందని అవతలి వకీలు వాదిస్తాడు. ‘అది కోపంలో అన్న మాట, నిరాకరణ కాదు’ అని నేను ఎదురు వాదించగలను. కానీ అలాంటి వాదన మీద ఆధారపడే పరిస్థితి తెచ్చుకోకండి.

ఇంత డబ్బు విషయంలో ఊరుకున్నానని రాశారు. అది మీ తప్పే. అమ్మ మనసు కోసం మీరు ఆగారు, గడువు ఆగలేదు. ఆయనతో తగువు వద్దనుకుంటే దానికీ చట్టంలో దారి ఉంది. గడువు లోపల ఆయన ‘ఇంత బాకీ ఉన్నాను’ అని రాసి సంతకం పెడితే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. అమ్మ మధ్యవర్తిగా కూర్చోవాలనుకుంటే ఈ కాగితం కోసమే కూర్చోమనండి. నోటి మాటతో రాజీ పడితే మీకు గడువు పెరగదు.

ఆ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే కోర్టుకు చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. బాబాయి ఇదివరకు డబ్బు పంపిన నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా తీసి పెట్టుకోండి. ఆయన మీ తరఫునే వసూలు చేశారనడానికి అవే గట్టి సాక్ష్యం.

ఇక అద్దెదారు. అతను ఇప్పటిదాకా బాబాయికి నమ్మకంగా కట్టిన అద్దెను మళ్లీ కట్టమని మీరు అడగలేరు. పైగా ఏజెంటును తీసేశారన్న సంగతి మూడో మనిషికి తెలిసేదాకా ఆ తొలగింపు అతనికి వర్తించదని కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్. అంటే మీరు నోటీసు పంపనంత కాలం ప్రతి నెలా అతను బాబాయికి కట్టేది సక్రమమైన చెల్లింపే. ఈ వారమే ఒకే లీగల్ నోటీసు ఇద్దరికీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి: ఏజెన్సీ రద్దయింది, బాబాయి లెక్క చెప్పాలి, అద్దె ఇకపై మీ ఎన్నార్వో ఖాతాకే (ఎన్నారైలు ఇండియాలోని ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) రావాలి. సేల్ డీడ్ కాపీ జత చేయండి. యజమాని ఎన్నారై కాబట్టి అద్దెలో 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు టీడీఎస్‌గా (చెల్లించేవారే ముందుగా పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) మినహాయించి కట్టాలని అందులోనే రాయండి. లేకపోతే రేపు అతనికీ చిక్కే.

అతను ఖాళీ చేయాలంటే మీకు అనుకూలమైన విషయం ఒకటుంది. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయకపోతే, ఆ మూడేళ్ల గడువును కోర్టులో దాని ఆధారంగా నిరూపించలేరు. దాన్ని నెలవారీ అద్దెగానే చూస్తారు. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇచ్చి, కదలకపోతే సివిల్ కోర్టులో దావా వేయండి.

కరెంటు తీయించడం, తాళం మార్చడం మాత్రం వద్దు. చట్టప్రకారం కాకుండా గెంటేస్తే అతను ఆరు నెలల లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి తిరిగి లోపలికి వస్తాడు. ఆ దావాలో ‘ఇల్లు నాది’ అన్న మీ వాదనకు విలువ ఉండదు. కంపెనీ మనుషులు చేసినా, మీరు ఒప్పుకుని చేయించిందే అవుతుంది.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఆ జీపీఏ. ‘జీపీఏ మీద అమ్మకం చెల్లదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది, భయం లేదు’ అని మీకెవరైనా చెబితే నమ్మకండి. సూరజ్ ల్యాంప్ కేసులో కోర్టు అన్నది, జీపీఏ తనంతట తానే హక్కు బదిలీ చేయదని. అమ్మే అధికారం ఉన్న ఏజెంటు మీ తరఫున మూడో వ్యక్తికి సేల్ డీడ్ రిజిస్టర్ చేస్తే అది మీరు అమ్మినట్టే. అద్దె చూసుకునేవాడికి అమ్మకం అధికారం ఎందుకు? దీనికి జవాబు చెప్పలేని కంపెనీతో మాట్లాడటం ఆపేయండి.

మేనేజర్ అసలు అవసరమా అంటే, అద్దె వసూలుకైతే అక్కర్లేదు, అది నేరుగా ఖాతాలో పడుతుంది. అద్దెదారు మారేటప్పుడు, గోడలు చెమ్మ పట్టినప్పుడు, అసోసియేషన్ మీటింగులప్పుడు మీ తరఫున ఒక మనిషి ఉండటం అవసరమే. ఆ పనులకు పెట్టుకోండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నంబరు చూపిస్తే మురిసిపోకండి, ఆ చట్టంలోని ఏజెంటు రిజిస్ట్రేషన్ అమ్మకాల కోసం. అద్దెలు చూసుకోవడానికి అది లైసెన్సు కాదు.

జీపీఏ బదులు, రాసిన పనులకే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. అద్దెదారును వెతకడం, మీరు ఆమోదించిన లీజు మీద మీ పేరున సంతకం చేసి రిజిస్టర్ చేయించడం, మీరు పెట్టిన పరిమితి లోపల రిపేర్లు, అంతవరకే. అక్కడి నోటరీ, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) అయ్యాక, లేదా ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించాక పంపండి. ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. అద్దె, అడ్వాన్సు రెండూ మీ ఖాతాకే, కమీషన్ మీరు విడిగా పంపాలి. ‘గ్యారంటీ అద్దె ఇస్తాం, ఇల్లు మాకు లీజుకివ్వండి, మేం వేరేవాళ్లకు ఇచ్చుకుంటాం’ అంటే ఒప్పుకోకండి. ఇంట్లో ఉన్న మనిషి వాళ్ల అద్దెదారు అవుతాడు, మళ్లీ ‘మీరెవరో నాకు తెలీదు’ అనే మాటే వినాల్సి వస్తుంది.

ఇంకొకటి. లెక్కల దావా వేస్తే, మీకు స్వయంగా తెలిసిన విషయాల మీద మీ బదులు పవర్ హోల్డర్ సాక్ష్యం చెప్పడం కుదరదని జానకీ వాష్‌దేవ్ భోజ్వానీ కేసులో 2004లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మీరే చెప్పాలి. అవసరమైతే వీడియో కాన్ఫరెన్స్‌కు కోర్టు అనుమతి అడగవచ్చు. బాబాయికి ఎప్పుడెప్పుడు ఏం చెప్పారో, ఆయన ఏ నెల ఎంత పంపారో జ్ఞాపకం ఉండగానే రాసి, తేదీలతో మీ వకీలుకు పంపండి.