పాఠకుల ప్రశ్నలు: బడి అమ్మకాలు, పెద్దల మొహమాటాలు

ప్రశ్న: మాది నెల్లూరు. చాలా ఏళ్లుగా చెన్నైలోని మడిపాక్కంలో ఉంటున్నాము. మా అమ్మాయి ఇక్కడి ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతి చదువుతోంది. ఆడిటోరియం కట్టడానికి నిధులు కావాలంటూ దీపావళికి ముందు బడివాళ్లు ప్రతి విద్యార్థికీ 20 చాక్లెట్ పెట్టెలు ఇచ్చి, పెట్టె 250 రూపాయల చొప్పున అమ్ముకుని రమ్మన్నారు. అందరికన్నా ఎక్కువ అమ్మినవారికి సైకిలు బహుమతి అని ప్రకటించారు. మా అమ్మాయి అపార్ట్‌మెంట్‌లో తలుపులు తట్టి, తడబడకుండా తమిళంలో మాట్లాడి ఆరు పెట్టెలు అమ్మిందంటే నాకు ముచ్చటేసింది. కానీ వాటిలో ఒక పెట్టె మా ఇంట్లో పనిచేసే ఆవిడ కొన్నదని తర్వాత తెలిసి మనసు చివుక్కుమంది. మిగిలినవి మా వారు ఆఫీసుకు పట్టుకెళ్లి అమ్మేశారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ఇది అక్కడ మామూలేనని, పిల్లలకు లోకజ్ఞానం వస్తుందని అంటోంది. మా మామగారేమో, అంతంత ఫీజులు కట్టి మళ్లీ పిల్లను వాకిళ్ల వెంట తిప్పుతారా అని కోప్పడుతున్నారు. వచ్చే ఏడాది కూడా ఇది తప్పదట. ఒప్పుకోవాలా, కాదనాలా?

— ఒక తల్లి, మడిపాక్కం, చెన్నై

జవాబు: అమ్మా, మీ ముచ్చటా నిజమే, మీ బాధా నిజమే. రెండింటిలో ఒకదాన్ని వదులుకోవలసిన అవసరం లేదు. పదేళ్ల పిల్ల ముక్కూమొగం తెలియని పెద్దవారి ఎదుట నిలబడి, తన మాతృభాష కాని భాషలో తన పని చెప్పుకోగలగడం చిన్న విషయం కాదు. అయితే మిమ్మల్ని బాధపెట్టిన ఆ ఒక్క పెట్టె దగ్గరే అసలు విషయమంతా ఉంది. మీ ఇంట్లో పనిచేసే ఆవిడకు చాక్లెట్లు అవసరమై కొనలేదు, ఆడిటోరియం మీద ఆసక్తితోనూ కొనలేదు; యజమానురాలి కూతురికి వద్దని చెప్పడానికి నోరు రాక కొన్నది. మీవారి ఆఫీసులో, ఆయన చేతి కింద పనిచేసేవారు కొన్న పెట్టెల సంగతి కూడా, ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఇంచుమించు ఇంతే. వద్దనడానికి వీలులేని మనిషికి అమ్మడం అమ్మకం కాదు, వసూలు. ఒప్పుకోవాలా వద్దా అని నిర్ణయించుకునేటప్పుడు మీరు మొదట చూడవలసింది ఎన్ని పెట్టెలు అమ్ముడయ్యాయన్నది కాదు, కొన్నవారిలో ఎందరు నిర్భయంగా వద్దనగలిగి ఉండేవారన్నది.

మీ ఆడపడుచు చెప్పిన మాటలో అబద్ధం లేదు. అమెరికాలో గర్ల్ స్కౌట్ల కుకీల అమ్మకం 1917లోనే ఓక్లహోమా రాష్ట్రంలో మొదలైంది. అక్కడి బడిపిల్లలు కానుకలు చుట్టే కాగితం నుంచి చాక్లెట్ల దాకా ఏదో ఒకటి అమ్ముతూనే ఉంటారు, తల్లిదండ్రులు విసుక్కుంటూనే కొంటూ ఉంటారు. అయితే అక్కడ ఎక్కువమంది పిల్లలు చదివేది ఫీజు లేని ప్రభుత్వ బడుల్లో. ఆ బడులకు వచ్చే పన్నుల సొమ్ము విహారయాత్రలకో బ్యాండు వాయిద్యాలకో చాలనప్పుడు తల్లిదండ్రుల సంఘాలు ఇలాంటి అమ్మకాలకు పూనుకుంటాయి. మీ అమ్మాయి చదివేది ఫీజు తీసుకునే ప్రైవేటు బడి. అక్కడి అలవాటును ఇక్కడికి తెచ్చుకున్నవారు అక్కడి కారణాన్ని తేలేదు కనుక, ఈ ఒక్క విషయంలో నేను మీ మామగారి పక్షమే.

అయినా మామగారి కాలంలో మాత్రం పిల్లలు డబ్బు అడగలేదా? సాయుధ దళాల పతాక దినానికి, అంటే 1949 నుంచి ఏటా జరుపుకుంటున్న డిసెంబరు 7కు, చిన్న చిన్న కాగితపు జెండాలు ఇచ్చి చందా పోగుచేసినవారు, క్షయ నివారణ కోసం టీబీ సీళ్లు, అంటే తపాలా బిళ్లల్లాంటి చందా చీటీలు, అమ్మినవారు ఆ తరంలో ఎంతోమంది ఉన్నారు. మీ ఇంట్లోనే అడిగి చూడండి. కాకపోతే ఆ సొమ్ము ఎవరికి చేరుతుందో అందరికీ తెలుసు, అడిగేది చిల్లర డబ్బులు, వాటిలో బడికి సొంత లాభం లేదు.

ఇక డబ్బు లెక్కకు వద్దాం. 20 పెట్టెలంటే 5,000 రూపాయలు. అందులో చాక్లెట్లు సరఫరా చేసిన వ్యాపారికి ఎంత, బడికి ఎంత అన్నది మీ ఉత్తరంలో లేదు, బహుశా మీకూ చెప్పి ఉండరు. మాటవరసకు బడి వాటా నూటికి 40 అనుకుంటే ఆడిటోరియానికి చేరేది 2,000 రూపాయలు. మిగిలిన 3,000 చాక్లెట్ల ఖరీదు కిందా వ్యాపారి లాభం కిందా పోతాయి. ఆడిటోరియం నిజంగా కావాలని మీకు అనిపిస్తే, ఆ 2,000 నేరుగా ఇచ్చి రసీదు తీసుకోవడం బడికీ మీకూ మీ ఇరుగుపొరుగుకూ మేలు. ఆ బడిని నడిపే ట్రస్టుకు పన్ను మినహాయింపు గుర్తింపు ఉంటే ఆ రసీదు మీకు పనికి రావచ్చు. నగదుగా ఇచ్చే విరాళం 2,000 రూపాయలు దాటితే మినహాయింపు రాదు కనుక అంతకు మించితే బ్యాంకు ద్వారానే ఇవ్వండి. చాక్లెట్లు కొన్న డబ్బు మాత్రం విరాళం కిందికి రాదు.

ఈ వస్తువు ఎంపిక గురించి కూడా ఒక మాట చెప్పాలి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉండే తినుబండారాలను బడి ఆవరణలోనూ, దాని చుట్టూ 50 మీటర్ల లోపలా పిల్లలకు అమ్మకూడదని దేశ ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020లో నియమాలు చేసింది. ఇంటింటికీ తిరిగి పెద్దలకు అమ్మడానికి అవి వర్తించవని బడివారు వాదించవచ్చు. క్యాంటీన్‌లో పెట్టకూడనిదాన్ని పిల్లల చేతికే ఇచ్చి పేటంతా అమ్మించడం విడ్డూరం కాదా అని అడగడానికి మీకు చట్టం అక్కరలేదు.

చట్టమే కావాలంటే అదీ ఉంది. ప్రైవేటు బడులు నిర్ణయించిన ఫీజుకు మించి వసూలు చేయకుండా తమిళనాడులో 2009లో ప్రత్యేక చట్టం వచ్చింది. విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన ఉండే సంఘం ఆ ఫీజును నిర్ణయిస్తుంది. స్వచ్ఛందంగా ఇచ్చేదానిని ఆ చట్టం ఆపదు. అయితే అమ్మలేని పిల్లను తరగతిలో నిలబెట్టినా, పేరు పిలిచి చిన్నబుచ్చినా ఆ స్వచ్ఛందం అన్న మాటకు అర్థం ఉండదు. పైగా పిల్లలను మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధిస్తోంది. మీ బడిలో అలాంటిది జరిగిందని మీరు రాయలేదు కనుక ఫిర్యాదు దాకా వెళ్లనక్కరలేదు. కానీ సైకిలు సంగతి మాత్రం తల్లిదండ్రుల సమావేశంలో ఎత్తండి. ఆ సైకిలు చివరకు ఎక్కువ మాట్లాడగలిగిన పిల్లకు రాదు, పెద్ద ఆఫీసులో పనిచేసే తండ్రి ఉన్న పిల్లకు వస్తుంది. తరగతిలో ఆ సంగతి పిల్లలకే అందరికన్నా ముందు తెలుస్తుంది.

కాబట్టి వచ్చే ఏడాది 20 పెట్టెలూ తీసుకోకండి. అమ్మాయికి ఇష్టమైతే నాలుగైదు పెట్టెలు తీసుకుని, మిమ్మల్ని ఇబ్బంది లేకుండా వద్దనగలిగిన ఇళ్లకే, మీరు వెంట ఉండగా వెళ్లనివ్వండి. ఎవరైనా వద్దంటే మొహం మాడ్చుకోకుండా నవ్వుతూ వెనక్కి రావడం కూడా మీ ఆడపడుచు అన్న లోకజ్ఞానంలో భాగమే. మీవారి ఆఫీసుకు ఒక్క పెట్టె కూడా వెళ్లకూడదు. పనిచేసే ఆవిడకు 250 రూపాయలు తిరిగి చేతిలో పెడితే ఆమెను చిన్నబుచ్చినట్టవుతుంది. దీపావళికి ఎలాగూ ఇచ్చే బోనసులో ఆ మొత్తం కలిపి ఇచ్చి ఊరుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి బడి వార్షికోత్సవానికి 50 రూపాయల లక్కీ డ్రా టికెట్ల పుస్తకం ఇచ్చి అమ్మమన్నారు. తప్పా?

— ఒక తండ్రి, పెరంబూరు, చెన్నై

జవాబు: తమిళనాడులో 2003 నుంచి లాటరీల అమ్మకంపై నిషేధం ఉంది. బడిలో జరిగే లక్కీ డ్రా దాని కిందికి వస్తుందా రాదా అన్నది న్యాయవాదులు తేల్చుకోవలసిన సంగతి. నా అభ్యంతరం అంతకన్నా చిన్నది. అదృష్టం మీద పందెం కాయమని పదిమందిని ఒప్పించే పని పిల్లవాడికి అప్పగించకూడదు. మీకు ఇవ్వాలనిపించినంత ఇచ్చి, టికెట్ల పుస్తకాన్ని చింపకుండా తిరిగి ఇచ్చేసి, తిరిగి ఇచ్చినట్టు డైరీలో క్లాస్ టీచరు సంతకం తీసుకోండి.