వారంటీలో ఉండగానే చెప్పారుగా, ఆ కాగితం ఏది?

ప్రశ్న: మా అమ్మాయి ఆన్‌లైన్ కోచింగ్ కోసం 2024 జూన్ 10న ఏడాది వారంటీతో టాబ్లెట్ కొన్నాం. కార్డుతో కట్టాం. మూడు నెలలకే వాడుతుండగా దానంతట అదే ఆగిపోవడం మొదలైంది. సెప్టెంబర్ 18న సర్వీస్ సెంటర్‌లో ఇస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి ఇచ్చారు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ అదే గోల. అక్కడి కుర్రాడు తెలిసినవాడే కదా అని కాగితం అడగలేదు. జూన్ 24న మూడోసారి వెళ్తే ‘మదర్‌బోర్డు పోయింది, వారంటీ దాటింది, డబ్బు కట్టాలి’ అన్నారు. మాక్ టెస్ట్ మధ్యలో ఆగిపోయి అమ్మాయి ఏడ్చిన రోజులు మర్చిపోలేను. కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్ చేస్తామంటూ నెలలు గడిపారు. షాపు యజమాని మా మరిదికి స్నేహితుడు. 2024 ఆగస్టులో కొన్నట్టు తేదీ వేసి కొత్త బిల్లు ఇస్తానంటున్నాడు. అది చూపించి టాబ్లెట్ మార్చమని అడగవచ్చా?

జవాబు: అమ్మా, ఆ బిల్లు ముట్టుకోకండి. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జూన్ 10 ఉంది. టాబ్లెట్‌ను మొదటిసారి ఇంటర్నెట్‌కి కలిపిన తేదీ సాధారణంగా కంపెనీ సర్వర్‌లో సీరియల్ నంబర్‌తో సహా నమోదై ఉంటుంది. షాపు జీఎస్టీ బిల్లుల నంబర్లు వరుసగా నడుస్తాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి బయటికి వచ్చినా మీ నిజమైన ఫిర్యాదును కూడా ఎవరూ నమ్మరు. కేసులో వాడటానికి దొంగ సాక్ష్యం పుట్టించడం భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడే నేరం. మీతోపాటు మీ మరిది, ఆయన స్నేహితుడు కూడా ఇరుక్కుంటారు.

పైగా అది మీకు అక్కర్లేదు. జూన్ 24 నాటికి వారంటీ ఉందా, లేదా అన్నదాని చుట్టూనే మీరు తిరుగుతున్నారు. అసలు తేల్చాల్సింది వేరు: ఇదే లోపాన్ని వారంటీ ఉండగా వాళ్ల దృష్టికి తెచ్చారా? తెచ్చినట్టు రుజువుంటే, బాగు చేయకుండానే తిరిగి ఇచ్చి, గడువు దాటాక డబ్బు అడగడం సేవాలోపం అవుతుంది. తయారీలోనే లోపం ఉందని నిరూపించాలంటే నిపుణుడి నివేదిక కావాల్సి రావచ్చు. అదే సమస్యకు పదేపదే ఇచ్చినా సరిచేయలేదని చూపడానికి చాలావరకు జాబ్ షీట్లే, అంటే వస్తువు తీసుకున్నప్పుడు సమస్య రాసి సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితాలే, చాలు.

ఆ జాబ్ షీట్ల గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. సెప్టెంబర్ 18ది మీ దగ్గర ఉందా? అందులో ‘ఆగిపోతోంది’ అని రాశారా, ఉత్తి ‘అప్‌డేట్’ అని రాసి వదిలేశారా? కాగితం పోతే ఆ రోజు వచ్చిన ఎస్సెమ్మెస్, ఈమెయిల్ వెతకండి. ఏప్రిల్ సంగతి మాత్రం మీ అజాగ్రత్తే. తెలిసిన కుర్రాడైనా రేపు కంపెనీకి వ్యతిరేకంగా వచ్చి సాక్ష్యం చెప్పడు. వస్తువు చేతికిచ్చి రసీదు లేకుండా ఇంటికెలా వెళ్లారు? అతనికి పంపిన వాట్సాప్ మెసేజ్, చేసిన ఫోన్ కాల్ ఏదైనా మిగిలిందేమో చూడండి. స్క్రీన్‌షాట్ తీసుకున్నా సరే, అసలు మెసేజ్ తుడిచేయకండి, ఆ ఫోన్ మార్చకండి. వీటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, అవి ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో తెలిపే సర్టిఫికెట్ జత చేయడం మంచిది.

ఈ వారమే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. సీరియల్ నంబర్ రాసి, ఆ టాబ్లెట్ సర్వీస్ చరిత్ర మొత్తం పంపమనండి. ఏప్రిల్ నాటి ఎంట్రీ వాళ్ల దగ్గర ఉండొచ్చు. పంపకపోతే కేసు వేశాక రికార్డులు తెప్పించమని వినియోగదారుల కమిషన్‌నే అడగవచ్చు.

టాబ్లెట్ ఇప్పుడు మీకు సాక్ష్యం. బయట మెకానిక్ చేత విప్పించకండి. పరీక్ష అవసరమైతే కమిషన్ దాన్ని సీల్ చేసి ల్యాబ్‌కు పంపగలదు. ఒకసారి బయటివాళ్లు తెరిచాక లోపల ఎవరు ఏం చేశారో తేలదు. ఇంకా ఆన్ అవుతుంటే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టకండి. ముందు డేటా బ్యాకప్ తీసుకోండి. పెట్టెలో వచ్చిన ఛార్జర్‌తోనే ఛార్జ్ చేసి, సేఫ్ మోడ్‌లో పెట్టి, ఆగిపోయే దాకా వీడియో తీయండి. సీరియల్ నంబర్ ఆ వీడియోలో కనిపించాలి. సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లు పనిచేయవు కాబట్టి, అక్కడా ఆగిపోతే ‘మీ యాప్‌ల వల్లే’ అన్న వాదన నిలవదు. బ్యాటరీ ఉబ్బినట్టు అనిపిస్తే మాత్రం ఛార్జింగ్ పెట్టొద్దు. అలాగే ఫొటోలు తీసి పక్కన పెట్టండి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. జూన్ 24న నిరాకరించారు కాబట్టి అక్కడి నుంచి లెక్కించాలని వాదించవచ్చు. కానీ ఆ వాదన మీద ఆధారపడొద్దు. మొదటిసారి చెప్పిన సెప్టెంబర్ 18 నుంచే లెక్కవేసుకుని, 2026 సెప్టెంబర్ 17లోపు వేసేయండి. కస్టమర్ కేర్ ఫోన్లు, ఈమెయిళ్లు, లాయర్ నోటీసు ఏవీ ఈ గడియారాన్ని ఆపవు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, ‘వాళ్లు ఫోన్ చేస్తామన్నారు’ అన్నది సరైన కారణం అనిపించుకోవడం కష్టం.

అమ్మిన షాపు, తయారీ కంపెనీ, సర్వీస్ సెంటర్ ముగ్గురికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తే కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. ఆ ఫిర్యాదు నంబర్ దాచుకోండి. స్పందన లేకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయలలోపు అయితే ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. మార్చి ఇవ్వాలని, కుదరకపోతే డబ్బు వాపసు ఇవ్వాలని, అదీ కాకపోతే ఉచితంగా బాగుచేసి ఆ రిపేరుకు వారంటీ ఇవ్వాలని వరుసగా కోరండి. కొన్నాళ్లు వాడిన వస్తువు కాబట్టి కమిషన్ మూడోదానితో సరిపెట్టే అవకాశం ఉంది.

మీ అమ్మాయి పడిన బాధ నష్టపరిహారం కోరే పేరాలో రాయండి, కేసు అంతటా వద్దు. కోచింగ్ ఫీజు రసీదు, మధ్యలో ఆగిపోయిన మాక్ టెస్ట్ తాలూకు రికార్డు దాని వెనకే జత చేయండి.