మల్లెచెట్టు పీకేయొద్దమ్మా, మీ తుమ్ములకి కారణం వేరే చోట ఉంది

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది కావలి. నాకు 47 ఏళ్లు, బీపీకి బిళ్ల వేసుకుంటా. ఇంటి ముందు కాస్త జాగాలోనూ డాబా మీద కుండీల్లోనూ మల్లె, జాజి, కనకాంబరాలు, గులాబీలు పెంచుకుంటున్నా. అమ్మాయికి పెళ్లి చేసి పంపినాక నా పొద్దంతా వాటితోనే. శివరాత్రి పోయి మల్లెలు మొగ్గ తొడిగే టైంకి నాకు తుమ్ములు మొదలైతాయి, ఉగాది దాటిందాకా వదలవు. పొద్దున లేస్తానే పది పదిహేను తుమ్ములు, కళ్లు దురద, ముక్కు నీళ్లు. సాయంత్రం మొక్కల దగ్గర ఉంటే పెద్దగా ఏం ఉండదు గానీ గదిలో కూర్చుని మాల కడతా ఉంటే ముక్కు బిగుసుకుపోద్ది. మొన్న గులాబీలకి పేనుబంక పట్టిందని మా ఆయన పొలానికి తెచ్చిన మందు మిగిలుంటే కొట్టారు, ఆ రోజు కళ్లు మంటలు, తలనొప్పి. మెడికల్ షాపులో జలుబు బిళ్ల తెచ్చి వేసుకుంటున్నా. మా అబ్బాయి ఈ చెట్లన్నీ పీకేద్దాం అంటున్నాడు. పీకేయాల్సిందేనా? ఉగాదికి వేపపువ్వు నేనే కోస్తా, అదీ మానుకోవాలా?

జవాబు: అమ్మా, పీకొద్దు. ముందు అబ్బాయికి ఆ మాట చెప్పండి, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీరు రాసిందాన్ని రెండుసార్లు చదివాను, సగం జవాబు అందులోనే ఉంది. పూల వల్లే తుమ్ములొచ్చేట్టయితే ఎక్కువ ఎప్పుడు రావాలి? సాయంత్రం మీరు మొక్కల మధ్య ఉన్నప్పుడు, మల్లె విచ్చుకునేదీ అప్పుడే కదా. మీకేమో అప్పుడు ఏమీ లేదు, పొద్దున మంచం దిగకముందే వస్తున్నాయి, అంటే ఆ టైంకి మీ ముక్కు దగ్గర ఉన్నది మల్లెచెట్టు కాదు, మీ దిండు.

పుప్పొడి గురించి ఒక్క విషయం తెలిస్తే ఈ భయం చాలావరకు పోద్ది. రంగూ వాసనా ఉన్న పూలు తేనెటీగల్ని, సీతాకోకల్ని పిలుచుకోవడానికి పూస్తాయి, వాటి పుప్పొడి జిగటగా బరువుగా ఉండి పురుగు కాలికి అంటుకుని పోవాల్సిందే గానీ గాలికి అంతగా లేవదు. మీ గులాబీ, మల్లె, జాజి, కనకాంబరం అన్నీ ఈ రకమే. మనల్ని ఏడిపించేది ఎక్కువగా అసలు పువ్వని కూడా మనం గుర్తుపట్టనివి, గడ్డి కంకులు, రోడ్డు పక్క కలుపు మొక్కలు. వాటి పుప్పొడి సన్నగా తేలిగ్గా ఉండి గాలిలో చాలా దూరం పోతుంది. మల్లె పూసే రోజులూ ఇవి పూసే రోజులూ కలిసొచ్చేసరికి కంటికి కనిపించే మల్లె మీద నింద పడుతోంది, పాపం.

మన వైపు సంగతి చూడండి. చెరువు కట్టలు, రైలు పట్టాల పక్కన, బకింగ్‌హాం కాలువ గట్లు, ఖాళీ ప్లాట్లు ఎక్కడ చూసినా చిల్లచెట్లే, సర్కారు తుమ్మ అంటారు చూడండి, అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు అది, మన దేశంలో అలర్జీ తెప్పించే పుప్పొళ్లలో దానిదీ ఒకటి. ఇంకోటి వయ్యారిభామ, తెల్లగా ముక్కుపుడకల్లాంటి పూలు పూసేది. అది తుమ్ములే కాదు, తాకితే చర్మం మీద దద్దుర్లు కూడా తెప్పిస్తుంది. మీ ఇంటి చుట్టుపక్కల ఖాళీ స్థలంలో అది ఉందేమో అబ్బాయిని చూడమనండి, మల్లెచెట్టు పీకే ఓపిక ఉంది కదా, ఆ ఓపిక దాని మీద పెట్టమనండి. చేతికి గ్లౌజు, మూతికి మాస్కు వేసుకుని, పూత రాకముందే వేళ్లతో సహా పీకాలి. దీనికి తోడు మార్చి, ఏప్రిల్‌లో మన జిల్లాలో వరికోతలు, మిషన్లు తిరుగుతా ఉంటే లేచే ధూళి. ఊరి పక్కనే పొలాలుంటే ఆ రోజుల్లో పొద్దున కిటికీలు మూసి ఉంచడం మంచిది.

ఇక దిండు సంగతి. పరుపుల్లో దిండ్లలో కంటికి కనపడని దుమ్ము పురుగులు ఉంటాయి, మన ఒంటి నుంచి రాలే చర్మం పొట్టు తిని బతుకుతాయి, సముద్రం దగ్గర ఊళ్లలో గాల్లో తేమ వల్ల ఇంకా బాగా పెరుగుతాయి. ఇవి ఏడాదంతా ఉండేవే, వాటి మీదికి పుప్పొడి కూడా తోడయ్యే ఈ నెలల్లో మీ ముక్కు తట్టుకోలేకపోతుందని నా అనుమానం. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతికించండి, పరుపు ఎండలో వేయండి. లేస్తానే చీపురు పట్టుకునే అలవాటుంటే ఈ రెండు నెలలు తడిగుడ్డ పెట్టించండి, ఊడవడం ఇంకెవరైనా చేస్తే మరీ మంచిది.

మాల కట్టేటప్పుడు ముక్కు బిగిసేది మాత్రం వేరే కథ. అది అలర్జీ కాకపోవచ్చు, ఘాటైన వాసనకి ముక్కులోని నరాలు రెచ్చిపోయి లోపలి పొర ఉబ్బుతుంది. అగరొత్తుల పొగకి, సెంటుకి, పోపు ఘాటుకి కూడా మీకు అట్టాగే అవుతుందా గమనించండి, అయితే దాదాపు ఇదే. తలుపులేసిన గదిలో కాకుండా వరండాలో గాలి తగిలే చోట కూర్చుని కట్టుకోండి. పడుకునే గదిలో పూలు పెట్టొద్దు, తలలో పెట్టుకున్నవి తీసేసి పడుకోండి. మరీ ఇబ్బందైన రోజు కనకాంబరాలు పెట్టుకోండి, వాటికి వాసనే లేదు, చూడటానికీ ఏం తక్కువ కాదు.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారు పెట్టింది ఆ పురుగుమందు. పొలం మందు ఇంటి మొక్కలకి కొట్టడం చాలా ఇళ్లలో చూస్తున్నాను, దయచేసి ఆపండి. పొలానికి కొట్టే మందుల్లో కొన్ని చర్మం నుంచి కూడా ఒంట్లోకి పోతాయి, మీకొచ్చిన కళ్ల మంట, తలనొప్పి దాని వల్లే అయ్యుండొచ్చు, అదే పూలు మనం తలలో పెట్టుకుంటాం, దేవుడికి పెట్టి కళ్లకద్దుకుంటాం, పిల్లలు కోసుకుంటారు. పేనుబంకకి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి, వారం ఆగి మళ్లీ కొట్టండి, చాలు. మందు కొట్టినాక ఎవరికైనా వాంతులు, విపరీతంగా చెమటలు, చూపు మసక, ఊపిరాడకపోవడం ఉంటే బట్టలు మార్చి ఒళ్లు సబ్బుతో కడిగి మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి.

మందుల విషయానికొస్తే ఆ జలుబు బిళ్ల ఇవాళే ఆపేయండి. షాపుల్లో ఇచ్చే చాలా జలుబు బిళ్లల్లో ముక్కు రంధ్రాలు తెరుచుకోడానికి కలిపే మందు ఉంటుంది, అది బీపీ పెంచుద్ది, మీరేమో ఒక చేత్తో బీపీ తగ్గే బిళ్ల, ఇంకో చేత్తో పెరిగే బిళ్ల వేసుకుంటున్నట్టు. ఆ మందు కలపని ఉత్త అలర్జీ బిళ్లలు, లోరాటిడిన్, ఫెక్సోఫెనడిన్ లాంటివైతే నిద్రమత్తు తక్కువ, ఏది ఎంత అనేది బీపీ చూసే డాక్టరుని అడిగి మొదలుపెట్టండి. ముక్కు దిబ్బడకి వేసే చుక్కలు 5 రోజులు దాటి వాడొద్దు, ఆ తర్వాత చుక్క వేయకపోతే ముక్కు తెరుచుకోని పరిస్థితి వస్తుంది, నా దగ్గరికి అట్టా ఏళ్ల తరబడి వాడి వచ్చేవాళ్లు ఎంతమందో.

ఈ సీజన్‌కి అన్నిటికంటే బాగా పనిచేసేది ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే. పేరు విని భయపడొద్దు, డోసు చాలా తక్కువ, ఒంట్లోకి పోయేది ఇంకా తక్కువ. కాకపోతే ఒక్కరోజులో తగ్గలేదని మానేస్తారు, అది రోజూ కొడుతూ ఉంటే వారం రెండు వారాల్లో పూర్తిగా పనిచేస్తుంది. తల కాస్త ముందుకి వంచి, ఎడమ ముక్కులో కుడి చేత్తో, కుడి ముక్కులో ఎడమ చేత్తో, చెవి వైపు తిప్పి కొట్టాలి, మధ్య గోడకి కొడితే రక్తం వస్తుంది. దానికి ముందు ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కుంటే ఇంకా మంచిది, అర లీటరు నీళ్లు మరగబెట్టి చల్లార్చి చిన్న చెంచా కంటే కాస్త తక్కువ ఉప్పు, చిటికెడు వంట సోడా. పచ్చి నీళ్లు, ట్యాంకు నీళ్లు వద్దేవద్దు, చాలా అరుదుగానైనా మెదడుకి పోయే అమీబా ప్రమాదం ఉంది. ఎవరో ఒక్క ఇంజెక్షన్‌తో సీజన్ మొత్తం పోద్దంటారు, ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల షుగరు, బీపీ పెరుగుతాయి, వేయించుకోవద్దు.

రాత్రిళ్లు దగ్గు, ఛాతీలో పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం ఉందా? మీరు రాయలేదు. ఉంటే ఆలస్యం చేయకుండా ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించండి, ముక్కు అలర్జీ ఉన్నవాళ్లలో ఆస్తమా కూడా కలిసి ఉండటం మామూలే. ఒకవైపే ముక్కు మూసుకుపోవడం, మళ్లీ మళ్లీ రక్తం రావడం ఉంటే ముక్కు డాక్టరుకి చూపించండి, అది అలర్జీ అనుకుని ఊరుకోకూడదు. ఇవన్నీ చేసినా తగ్గకపోతే చర్మం మీద చుక్కలు పెట్టి చేసే అలర్జీ టెస్టు ఉంది, 15, 20 నిమిషాల్లో తెలిసిపోద్ది, దానికి వారం ముందు నుంచి అలర్జీ బిళ్లలు ఆపాలి, డాక్టరుకి చెప్పే ఆపండి.

అమ్మాయి వెళ్లినాక పొద్దంతా మొక్కలతోనే అన్నారు, ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోయానమ్మా. బీపీ ఉన్న మనిషికి రోజూ కాసేపు వంగి లేచి నీళ్లు పోసుకుంటూ, ఇవాళ ఎన్ని మొగ్గలొచ్చాయో లెక్కపెట్టుకుంటూ గడపడం ఎంత మంచిదో, నేను బిళ్ల రాసి ఇవ్వలేనిది అది. సాయంత్రం మీకు పడుతోంది కాబట్టి తోటపని సాయంత్రానికే పెట్టుకోండి, కళ్లజోడు పెట్టుకోండి, లోపలికొచ్చి మొహం కడుక్కుని చీర మార్చుకోండి. కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలవకుండా వారానికోసారి తోమి ఆరబెట్టండి, లేకపోతే డెంగీ దోమ పెరుగుద్ది.

వేపపువ్వు అడిగారు కదా. కొమ్మ దులిపితే పూతతో పాటు దుమ్మంతా మొహాన పడుద్ది, అందుకని ఈసారి కోసే పని అబ్బాయికి అప్పజెప్పండి, ఒకసారి కడిగి నీళ్లు వార్చి ఇమ్మనండి. పచ్చడి మాత్రం మీరే కలపండి.